‘త్రీ ఇడియట్స్’ తెర వెనుక సంగతులు: సేకరించడం, సరిచూడడం, చెప్పడం ఎలా?

ఇష్టమైన సినిమాను మూడోసారో నాలుగోసారో చూసేటప్పుడు కథ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి దృష్టి తనంతట తానే పక్కకు మళ్ళుతుంది. ఆ భవనం ఎక్కడిది, ఆ యంత్రం నిజంగా పనిచేస్తుందా, ఆ నటుడికి అప్పటికి వయసెంత అనే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకొస్తాయి. వాటికి జవాబులు వెతికి, నిజమేదో తేల్చుకొని, నలుగురిలో చెప్పినప్పుడు ఎవరూ కాదనలేని విధంగా చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని వివరించడానికి 2009 డిసెంబరు 25న విడుదలైన హిందీ హాస్యచిత్రం ‘త్రీ ఇడియట్స్’ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎంసెట్ ర్యాంకుల లెక్కల మధ్య పెరిగిన తెలుగువారికి ఆ ఇంజనీరింగ్ విద్యార్థుల కథను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. పైగా ఆ సినిమా చుట్టూ నిజాలూ అర్ధసత్యాలూ కట్టుకథలూ కలగాపులగంగా పేరుకుపోయి ఉన్నాయి కాబట్టి, వాటిని విడదీయడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి అభ్యాసం దొరకదు.

పద్ధతి అంతా ఒక్క నియమం మీద నిలబడుతుంది. తెర మీద కనిపించేదానికి కారణం చెప్పగలిగితేనే అది తెర వెనుక సంగతి. ఫలానా పాత్రకు మొదట ఫలానా నటుణ్ని అనుకున్నారట అనే మాట వినడానికి ఎంత రుచిగా ఉన్నా, తెర మీద దాని జాడ ఎక్కడా ఉండదు. దాన్ని రుజువు చేయడానికీ ఆధారం దొరకదు, కాదనడానికీ దొరకదు. అటువంటివాటిని మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తే సగం శ్రమ తగ్గుతుంది. మిగిలిన ప్రతి సంగతికీ మూడు ప్రశ్నలు వేయాలి: ఇది మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, సినిమాలో ఎక్కడ కనిపిస్తుంది?

ముగింపు టైటిళ్ళు, ఆ తరువాత పుస్తకం

పని మొదలుపెట్టవలసిన చోటు సినిమా ఆఖరున పైకి జరిగే పేర్ల వరుస. ఇప్పటి ఓటీటీ వేదికలు కథ ముగియగానే తెరను మూలకు కుదించి తరువాతి సినిమాను చూపిస్తాయి కాబట్టి, ఆ సదుపాయాన్ని ముందే ఆపివేసి, పేర్లను ఆపుకుంటూ చదవాలి. ముఖ్యంగా కృతజ్ఞతలు చెప్పే భాగాన్ని వదలకూడదు. చిత్రీకరణకు అనుమతిచ్చిన సంస్థలు, వస్తువులు సమకూర్చినవారు, ఆలోచన ఇచ్చినవారు సాధారణంగా కనిపించేది అక్కడే. మిగతా ఆధారాలన్నీ ఎవరో ఒకరు తరువాత చెప్పినవి. టైటిళ్ళు మాత్రం నిర్మాతలు విడుదల నాటికే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నవి.

ఈ సినిమా విషయంలో టైటిళ్ళే ఒక వివాదానికి కేంద్రమయ్యాయి. ‘త్రీ ఇడియట్స్’కు మూలం చేతన్ భగత్ 2004లో ప్రచురించిన ‘ఫైవ్ పాయింట్ సమ్‌వన్’ అనే నవల. దర్శకుడు రాజ్‌కుమార్ హిరాణీ, రచయిత అభిజాత్ జోషి స్క్రీన్‌ప్లే రాసేటప్పుడు ఆ నవలను చాలా దూరం తీసుకెళ్ళారు. మూలకర్తగా తన పేరును సినిమా మొదట్లో కాకుండా చివర జరిగే టైటిళ్ళలో వేయడంపై భగత్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. నిర్మాత విధు వినోద్ చోప్రా ఒప్పందపత్రాన్ని ముందుపెట్టి, అందులో ఉన్న ప్రకారమే వేశామని జవాబిచ్చారు. 2010 జనవరి తొలి వారాల పత్రికలు ఈ వాదోపవాదాలతో నిండిపోయాయి. ఎవరి పక్షం న్యాయమనేది మన పని కాదు. మనకు కావలసింది ఈ గొడవ లేవనెత్తిన ప్రశ్న మాత్రమే: సినిమాలో నవలది ఎంత, నవలది కానిది ఎంత?

దీనికి జవాబు ఇంటర్వ్యూలలో వెతకడం దండుగ. నవల చదివి, కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి రాసుకోవాలి. ముగ్గురు స్నేహితులు, కఠినుడైన ఆచార్యుడు, ఆయన కూతురితో ప్రేమ, కొడుకును పోగొట్టుకున్న ఆ కుటుంబం, ప్రశ్నపత్రం దొంగతనం, ఒక మిత్రుడు పైనుంచి దూకడం – ఇవన్నీ నవలలో ఉన్నాయి, సినిమాలోనూ ఉన్నాయి. నవల ఐఐటీ ఢిల్లీలో జరుగుతుంది, పాత్రల పేర్లు హరి, ఆలోక్, రయాన్. ఆచార్యుడి కూతురిని ప్రేమించేది కథ చెప్పే హరి. సినిమాలో ఆ ముగ్గురు మిత్రులు రాంచో, ఫర్హాన్, రాజు. ఆ ప్రేమ రాంచోకు బదిలీ అయింది, కథ చెప్పే బాధ్యత మాత్రం ఫర్హాన్‌కే మిగిలింది. తప్పిపోయిన మిత్రుణ్ని వెతుక్కుంటూ సిమ్లా మీదుగా లద్దాఖ్ వెళ్ళే ప్రయాణం, ఆ చివరి బడి, అందులోని యంత్రాలు, వ్యోమగాముల పెన్ను, వ్యాక్యూమ్ క్లీనర్‌తో కాన్పు – ఇవేవీ నవలలో లేవు. రెండో భాగంలో చేరినవన్నీ స్క్రీన్‌ప్లే రచయితలు బయట నుంచి తెచ్చినవో, ఊహించినవో అయి ఉండాలి. తెర వెనుక సంగతులు దట్టంగా దొరికేది ఈ రెండో భాగంలోనే కాబట్టి ఇక మన పని అంతా దాని మీదే.

చోట్లను గుర్తుపట్టడం

కథలో ఢిల్లీలో ఉన్నట్టు చూపించిన ‘ఇంపీరియల్ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్’ నిజానికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ప్రాంగణం. దీన్ని ఎవరి మాట మీదా ఆధారపడకుండా మీరే సరిచూసుకోవచ్చు. కళాశాల వసారాలు కనిపించే దృశ్యం దగ్గర సినిమాను ఆపి, ఆ సంస్థ ప్రాంగణం ఫొటోలను పక్కన పెట్టుకోండి. నునుపు చేయని బూడిదరంగు గ్రానైట్ గోడలు, పైకప్పు ఉండీ లేనట్టుండే పొడవాటి నడవాలు, వాటి మీద పాకిన పచ్చదనం, నేల మీద గళ్ళుగళ్ళుగా పడే ఎండ – ఈ గుర్తులు రెండుచోట్లా కలుస్తాయి. ఆ ప్రాంగణాన్ని రూపొందించిన వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణాల నుంచి స్ఫూర్తి పొందిన ఆయన, 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకొని ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడయ్యారు. సినిమాలో ఆ కళాశాల జైలులా కనిపించకుండా, విద్యార్థులు ఎక్కడపడితే అక్కడ ఆగి మాట్లాడుకునే చోటుగా కనిపించడానికి కారణం ఆయన కట్టిన నడవాలే. చదువును ఒత్తిడిగా మార్చిన కళాశాల డైరెక్టర్ కథను, చదువు తరగతి గదుల బయట కూడా జరగాలని నమ్మిన వాస్తుశిల్పి భవనంలో తీశారన్నమాట. ఇంజనీరింగ్ కళాశాలగా ఒక మేనేజ్‌మెంట్ సంస్థ కనిపించడం కూడా చమత్కారమే, కానీ దాని గురించి మరీ ఎక్కువ చెప్పవలసింది లేదు.

లద్దాఖ్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే ఇక్కడే రెండు వేర్వేరు నిజాలు కలిసిపోయి ఒక అబద్ధం తయారైంది. సినిమా చివర కనిపించే బడి లేహ్‌కు దగ్గరలోని షే గ్రామంలో ఉన్న డ్రుక్ పద్మ కార్పో పాఠశాల, దీన్నే డ్రుక్ వైట్ లోటస్ స్కూల్ అని కూడా పిలుస్తారు. మరోవైపు, లద్దాఖ్‌లో విద్యా సంస్కరణల కోసం సోనమ్ వాంగ్‌చుక్, ఆయన మిత్రులు 1988లో స్థాపించిన సెక్‌మోల్ ప్రాంగణం ఉన్నది ఫే గ్రామంలో. షే, ఫే పేర్లు దగ్గరగా ఉండడం, రెండూ లేహ్ పరిసరాల్లోనే ఉండడం, రెండింటికీ విద్యలో కొత్త పోకడలతో సంబంధం ఉండడం వల్ల, వాంగ్‌చుక్ బడిలోనే సినిమా తీశారని చాలామంది చెప్పేస్తుంటారు. అది తప్పు.

ఇంకాస్త ముందుకు వెళ్ళి, రాంచో అసలు పేరుగా సినిమా చివర బయటపడే ఫున్‌సుఖ్ వాంగ్డూ పాత్ర అంటే వాంగ్‌చుక్ జీవితమే అనేవారూ ఉన్నారు. ఇక్కడ మన రెండు భాగాల కాగితం పనికొస్తుంది. శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగ్ చదవడం, లద్దాఖ్‌లో పిల్లల చదువు మీద పనిచేయడం, చేతితో పనులు చేస్తూ నేర్చుకోవాలనడం – ఇవి వాంగ్‌చుక్ జీవితంలో ఉన్నాయి, పాత్రలో ఛాయలుగా కనిపిస్తాయి. మారుపేరుతో వేరొకరి పట్టా కోసం చదవడం, ఆచార్యుడి కూతురు, వందలాది పేటెంట్లు, వ్యాపార సంస్థలు వెంటపడే శాస్త్రవేత్త హోదా – ఇవి ఆయనవి కావు. కృత్రిమ హిమస్తూపాల పని మొదలైంది సినిమా వచ్చిన కొన్నేళ్ళ తరువాత, రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది 2018లో. అంటే సినిమా వల్ల ఆయన గురించి దేశానికి తెలిసిందనడం కొంతవరకు సమంజసం గానీ, ఈ రెండింటినీ చూసి సినిమా తీశారనడం కాలక్రమానికే విరుద్ధం. ‘పాత్రకు పాక్షిక స్ఫూర్తిగా చెప్పుకొంటారు’ అనే మాట దాటి ఒక్క అడుగు కూడా వేయకుండా ఉంటే మన వాక్యం నిలబడుతుంది.

షే బడి గురించి ఇంకొక సంగతి ఉంది. గోడకు మూత్రం పోయబోయిన సహాధ్యాయి చతుర్‌కు పిల్లలు విద్యుత్తుతో బుద్ధి చెప్పే ఆ గోడను చూడడానికి పర్యాటకులు అంతగా ఎగబడ్డారు గనుక పిల్లల చదువుకు ఇబ్బంది కలుగుతోందని, 2018లో పాఠశాల యాజమాన్యం ఆ గోడను ప్రాంగణంలో అలాగే ఉంచకూడదని నిర్ణయించినట్టు వార్తలు వచ్చాయి. 2010 ఆగస్టులో లేహ్‌ను ముంచెత్తిన వరదల్లో అదే బడి దెబ్బతిన్న సంగతి మాత్రం అంతమందికి తెలియదు. చివరి దృశ్యంలోని నీలి సరస్సు పాంగాంగ్. సుమారు 14,000 అడుగుల ఎత్తున భారత్, టిబెట్ల మధ్య విస్తరించిన ఆ సరస్సుకు సినిమా తరువాత వచ్చిన యాత్రికుల రద్దీ గురించి వేరే చెప్పాలా?

వస్తువుల వెనుక మనుషులు

లద్దాఖ్ బడిలోకి ఫర్హాన్, రాజు అడుగుపెట్టినప్పుడు కొన్ని క్షణాల పాటు చిత్రమైన యంత్రాలు కనిపిస్తాయి. సైకిల్ తొక్కితే తిరిగే బట్టలుతికే యంత్రం, సైకిల్ శక్తితో జంతువుల బొచ్చు కత్తిరించే పరికరం, స్కూటరుతో నడిచే పిండిమర. కళాదర్శకుడు సరదాకు అల్లినవిగా ప్రేక్షకులు అనుకుంటారు గానీ, ఈ మూడూ మన దేశంలో మామూలు మనుషులు నిజంగా తయారుచేసిన యంత్రాలు. బట్టలుతికే యంత్రం కేరళకు చెందిన రెమ్యా జోస్ విద్యార్థినిగా ఉన్నప్పుడు చేసింది. బొచ్చు కత్తిరించే పరికరం ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ జిల్లాకు చెందిన మహమ్మద్ ఇద్రీస్ అనే క్షురకుడు గుర్రాల కోసం రూపొందించింది. పిండిమర మహారాష్ట్రకు చెందిన జహంగీర్ పెయింటర్‌ది. ఇటువంటి ఆవిష్కర్తలను వెతికి వెలుగులోకి తెచ్చే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ప్రచురణలలో వీటి వివరాలు దొరుకుతాయి. సినిమా చివర వారి పేర్లు చెప్పారు కూడా. టైటిళ్ళు చదవమని ముందే అన్నది ఇందుకే. పుస్తకాల బట్టీ పనికిరాదని వాదించే సినిమా, ఆ వాదనకు సాక్ష్యంగా ఊహాయంత్రాలను కాక నిజమైన యంత్రాలనే తెర మీదికి తెచ్చింది. నా దృష్టిలో ఈ సినిమా గురించి చెప్పదగిన సంగతులలో ఇదే అన్నిటికన్నా గొప్పది.

జాయ్ లోబో అనే విద్యార్థి తయారుచేస్తున్న ఎగిరే కెమెరా దీనికి సరిజోడు. అలీ ఫజల్ పోషించిన ఆ పాత్ర కథ విషాదంగా ముగుస్తుంది, ఆ పరికరాన్ని రాంచో పూర్తిచేసి ఎగరేస్తాడు. నాలుగు రెక్కలతో ఎగిరే ఆ డ్రోన్‌ను సమకూర్చింది ఐడియాఫోర్జ్ అనే సంస్థ, దాన్ని 2007లో మొదలుపెట్టింది ఐఐటీ బాంబే పూర్వవిద్యార్థులు. ఇప్పుడు పెళ్ళి వీడియోలలో కూడా డ్రోన్లు తిరుగుతున్నాయి కాబట్టి ఇందులో వింతేముందని అనిపించవచ్చు. మార్కెట్లో సామాన్యులు కొనుక్కోగలిగిన తొలి ప్రసిద్ధ నాలుగు రెక్కల డ్రోన్లలో ఒకటైన ప్యారట్ ఏఆర్ డ్రోన్ వచ్చింది 2010లో అన్న సంగతితో పోల్చి చూస్తే, 2009 నాటి ప్రేక్షకుడికి ఆ దృశ్యం ఎంత కొత్తగా ఉండి ఉంటుందో అర్థమవుతుంది. పాత సినిమాలోని ఏ వస్తువునైనా నేటి కళ్ళతో కాక విడుదల నాటి ధరలతో, దొరకుబడితో పోల్చి చూడడం ఈ పనిలో అలవాటు చేసుకోవలసిన ముఖ్యమైన మెళకువ. ఐడియాఫోర్జ్ 2023లో స్టాక్ మార్కెట్లో నమోదైంది కూడా. కథలో అర్ధాంతరంగా ఆగిపోయిన విద్యార్థి పరికరం, కథ బయట ఒక పరిశ్రమ అయింది.

వ్యాక్యూమ్ క్లీనర్ కాన్పు గురించి క్లుప్తంగా: శిశువు తలకు గిన్నెలాంటి సాధనాన్ని తగిలించి, గాలిని పీల్చి, బయటికి రప్పించే పద్ధతి వైద్యశాస్త్రంలో ఉన్నదే. దానికి ఆధునిక రూపం ఇచ్చినది 1950లలో స్వీడన్ వైద్యుడు టాగె మాల్మ్‌స్ట్రోమ్. ఇంట్లో ఊడ్చే యంత్రానికి ఆ ఒత్తిడిని అదుపు చేసే ఏర్పాటు ఉండదు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆ చివరి వాక్యాన్ని వదలకండి.

వ్యోమగాముల పెన్ను: ఒక కట్టుకథను పరీక్షించడం

సినిమా మొదట్లో డైరెక్టర్ వీరూ సహస్రబుద్ధే కొత్త విద్యార్థులకు ఒక పెన్ను చూపించి, అంతరిక్షంలో మామూలు పెన్నులు రాయవు కాబట్టి శాస్త్రవేత్తలు లక్షల డాలర్లు ఖర్చుపెట్టి దాన్ని కనిపెట్టారని చెబుతాడు. పెన్సిల్ వాడుకోవచ్చు కదా అని రాంచో అడుగుతాడు. ఈ ప్రశ్న సినిమాకన్నా చాలా పాతది. అమెరికావాళ్ళు పెన్ను కోసం కోట్లు తగలేశారు, రష్యావాళ్ళు పెన్సిల్‌తో సరిపెట్టుకున్నారు అనే కథ ఎప్పటి నుంచో ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది. ఇటువంటి ప్రసిద్ధమైన కథ తెర మీద కనిపించినప్పుడు దాన్ని తెర వెనుక సంగతిగా చెప్పే ముందు చరిత్రలోకి వెళ్ళి చూడాలి.

చరిత్ర ఇలా ఉంది. మొదట్లో అమెరికా వ్యోమగాములూ పెన్సిళ్ళే వాడారు. 1965లో నాసా కొన్న 34 మెకానికల్ పెన్సిళ్ళకు ఒక్కొక్కదానికి దాదాపు 129 డాలర్లు అయ్యాయని బయటపడినప్పుడు పెద్ద దుమారం రేగింది, కాబట్టి దుబారా అనే మాట పుట్టింది నిజానికి పెన్సిళ్ళ గురించే. పెన్ను తయారుచేసింది నాసా కాదు. పాల్ ఫిషర్ అనే పెన్నుల వ్యాపారి తన సొంత డబ్బుతో, నైట్రోజన్ వాయువు ఒత్తిడితో సిరాను ముందుకు నెట్టే రీఫిల్‌ను రూపొందించాడు. భూమ్యాకర్షణ లేకపోయినా, తలకిందులుగా పట్టుకున్నా రాసేది అందువల్లే. నాసా దాన్ని పరీక్షించి 1967లో సుమారు 400 పెన్నులు కొన్నది, 1968 అక్టోబరులో అపోలో 7 వ్యోమగాములు వాటిని వెంట తీసుకెళ్ళారు. 1969లో సోవియట్ యూనియన్ కూడా అదే పెన్నులు కొన్నది. పెన్సిల్‌తో సరిపెట్టుకున్నారనే కథలోని రెండు పక్షాలూ చివరికి ఒకే దుకాణానికి వెళ్ళాయన్నమాట.

పెన్సిల్ ఎందుకు కూడదు? విరిగిన గ్రాఫైట్ ముక్క భారరహిత స్థితిలో కిందపడదు, గాలిలో తేలుతుంది. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి పరికరాల్లో చేరితే ప్రమాదం. కంట్లో పడినా ప్రమాదమే. కొయ్య, గ్రాఫైట్ మండే పదార్థాలు కూడా. 1967 జనవరిలో అపోలో 1 అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు మరణించిన తరువాత మండే వస్తువుల విషయంలో నాసా ఎంత కఠినంగా మారిందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మళ్ళీ సినిమాకు రండి. హిరాణీ, జోషి ఈ కట్టుకథను నమ్మి వాడినట్టు అనిపించదు. చివర్లో డైరెక్టరు అదే పెన్నును రాంచోకు ఇస్తూ, పెన్సిల్ మొన విరిగితే అది తేలుతూ కంట్లోనో ముక్కులోనో యంత్రంలోనో దూరుతుందని జవాబు చెబుతాడు. మొదటి సన్నివేశంలో ప్రేక్షకుడు రాంచో పక్షాన నవ్వుతాడు, చివరి సన్నివేశంలో వైరస్ అని అందరూ వెక్కిరించిన ఆయనే సరైనవాడని తేలుతుంది. శాస్త్రవేత్తల ఖర్చు గురించి ఆయన మొదట చెప్పిన మాట మాత్రం తప్పుగానే మిగిలిపోయింది. ఒక సంగతిని ఇలా మొదటి నుంచి చివరి దాకా లాగి చూస్తే, సరదా ముక్కగా కనిపించినది స్క్రీన్‌ప్లే కట్టుబాటుకు ఉదాహరణ అవుతుంది.

నటుల మాటలు, నటుల వయసులు

నటుల జ్ఞాపకాలను వాడుకోవచ్చు, కానీ మిగతావాటికన్నా తక్కువ తూకంతో. ఏళ్ళు గడిచేకొద్దీ, చెప్పినకొద్దీ జ్ఞాపకాలకు మెరుగులు అద్దుకుంటాయి కాబట్టి, ఒకే సంగతి రెండు మూడు చోట్ల కనిపించినప్పుడు విడుదలకు దగ్గరలో వచ్చిన ఇంటర్వ్యూనే ప్రమాణంగా తీసుకోవాలి. ముగ్గురు మిత్రులు తాగి మాట్లాడుకునే సన్నివేశానికి ముందు తాము నిజంగానే తాగామని నటులు చెప్పారు. ఆ ఒక్క ముక్క వరకు సరే, దానికి తరువాత చేరిన అలంకారాల జోలికి వెళ్ళనవసరం లేదు.

చతుర్ పాత్ర వేసిన ఓమి వైద్య సంగతి దీనికన్నా మెరుగైనది, ఎందుకంటే తెర మీద దానికి సాక్ష్యం ఉంది. ఆయన అమెరికాలో పుట్టి పెరిగిన నటుడు, హిందీ అంతంత మాత్రమే. హిందీని మెరుగుపరచుకోవద్దని దర్శకుడు చెప్పినట్టు ఆయన వివరించారు. స్క్రీన్‌ప్లేలో చతుర్‌ను ఉగాండాలో పుట్టి పుదుచ్చేరిలో చదివినవాడిగా పెట్టారు కాబట్టి, ఆ తడబాటు పాత్రకు అతికిపోయింది, అర్థం తెలియకుండా ప్రసంగాన్ని బట్టీపట్టే సన్నివేశానికి పునాది కూడా అదే. ఆ ప్రసంగంలో అత్యాచారానికి సంబంధించిన మాటను నవ్వు కోసం వాడడాన్ని తరువాతి కాలంలో చాలామంది తప్పుపట్టారు. ఆ విమర్శలో న్యాయం ఉంది కాబట్టి, ఈ సంగతి చెప్పేటప్పుడు ప్రసంగాన్ని అనుకరించి నవ్వించే ప్రయత్నం చేయకపోవడమే మంచిది. పదేళ్ళ తరువాత ఎవరు ఎక్కువ సాధిస్తారో చూద్దామని చతుర్ పందెం కట్టిన తేదీ సెప్టెంబరు 5, అంటే ఉపాధ్యాయ దినోత్సవం. గురువుల మీద తీసిన ఈ సినిమాలో ఆ తేదీ యాదృచ్ఛికమా కాదా అన్నది చూసేవారి ఇష్టం.

వయసుల లెక్క అన్నిటికన్నా తేలికగా మీరే చేసుకోగలిగినది. ఆమిర్ ఖాన్ 1965 మార్చి 14న, డైరెక్టరుగా నటించిన బొమన్ ఇరానీ 1959 డిసెంబరు 2న పుట్టారు. విడుదల నాటికి విద్యార్థికి 44, ఆచార్యుడికి 50. ఇద్దరి మధ్య తేడా ఆరేళ్ళు కూడా లేదు. ఫర్హాన్‌గా నటించిన మాధవన్‌కు 39. ఇంత దగ్గర వయసువారిని తరాల అంతరంతో చూపించడానికి ఏమేం చేశారో గమనిస్తూ సినిమాను ఇంకోసారి చూడండి. ఒక పక్క తల నెరిసిన జుట్టు, నత్తిగా వచ్చే మాట, గుండీలకు బదులు వెల్‌క్రో అతికించిన చొక్కా, రెండు చేతులతో ఒకేసారి రాయడం, ఏడున్నర నిమిషాల కొలత కునుకు. ఇంకో పక్క వదులు టీ షర్టులు, నిలకడ లేని కాళ్ళూ చేతులూ. మేకప్ చేసిన పనికన్నా ఒంటి కదలికలు చేసిన పని ఎక్కువ.

తెలుగువారికి చేరిన దారి

హిరాణీ అంతకు ముందు తీసిన రెండు సినిమాలు చిరంజీవి కథానాయకుడిగా 2004లో ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’గా, 2007లో ‘శంకర్‌దాదా జిందాబాద్’గా తెలుగులో మళ్ళీ తయారయ్యాయి. ‘త్రీ ఇడియట్స్’ మాత్రం నేరుగా తెలుగులో పునర్నిర్మాణం కాలేదు. దర్శకుడు శంకర్ 2012లో తమిళంలో తీసిన ‘నన్బన్’, తెలుగులోకి ‘స్నేహితుడు’గా అనువాదమై వచ్చింది. విజయ్, జీవా, శ్రీకాంత్ విద్యార్థులుగా, సత్యరాజ్ ఆచార్యుడిగా, ఇలియానా కథానాయికగా నటించారు. అందులో కళాశాలగా కనిపించే ఎర్ర ఇటుకల మహాభవనం డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. రెండు సినిమాల కళాశాల దృశ్యాలను వరుసగా చూస్తే, దోషి నడవాలలో ఉన్న సన్నిహితత్వం ఆ వలసపాలన నాటి కట్టడంలో రాకపోవడం, దానికి బదులు దర్పం రావడం కనిపిస్తుంది. ‘స్నేహితుడు’ సినిమా చూసి హిందీ సినిమా సంగతులు చెప్పేవారు భవనాల దగ్గర పొరబడుతుంటారు కాబట్టి, ఏ రూపం గురించి మాట్లాడుతున్నారో ముందే చెప్పడం మేలు.

నలుగురిలో చెప్పేటప్పుడు

సేకరించిన సంగతులను ఒక్కొక్కటీ ఒక్కో కార్డు మీద రాసుకోండి. ముందు వైపు ప్రశ్న, వెనుక వైపు జవాబు, ఆధారం, సినిమాలో ఎన్నో నిమిషంలో కనిపిస్తుందో ఆ వివరం ఉండాలి. నిమిషం రాయలేకపోతున్నారంటే అది తెర మీద జాడ లేని సంగతి, కార్డును పక్కన పెట్టండి. ప్రశ్నను జవాబు ఊహించడానికి వీలుగా తయారుచేయాలి. ‘స్కూటరు పిండిమర ఎవరు కనిపెట్టారు’ అని అడిగితే తెలిసినవారు చెబుతారు, తెలియనివారు ఊరుకుంటారు. ‘చివరి బడిలో కనిపించే మూడు యంత్రాలలో కళాదర్శకుడు ఊహించినది ఏది’ అని అడిగితే అందరూ మాట్లాడతారు, ఏదీ కాదని తేలినప్పుడు మళ్ళీ ఆ దృశ్యం పెట్టి చూస్తారు. వయసుల ప్రశ్నను చివరికి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ జవాబు విన్నాక కాసేపు ఇంకే మాటా సాగదు. పెన్ను ప్రశ్నను మాత్రం రెండు భాగాలుగా అడగండి: మొదటి భాగం సినిమా సగానికి ముందు, రెండో భాగం పూర్తయ్యాక. మొదటే రెండూ అడిగితే డైరెక్టరు ఇచ్చే జవాబును మీరే ముందుగా బయటపెట్టినవారవుతారు.

కార్డు వెనుక తేదీ కూడా వేయండి. గోడ ఉంటుంది, తీసేస్తారు, మరోచోట కడతారు. సంస్థ పేరు మారుతుంది, పురస్కారాలు పెరుగుతాయి. షే బడి కార్డు మీద ‘2018 నాటి వార్త ప్రకారం’ అనే నాలుగు మాటలు లేకపోతే, లద్దాఖ్ వెళ్ళి వచ్చిన మిత్రుడెవరైనా తన ఫోనులోని ఫొటో చూపించి మిమ్మల్ని అక్కడికక్కడే ఆపేయగలడు.